మూడు బిందెల పసుపునీళ్ళు

ఈరోజు మధ్యాహ్నం చింతకి అనే ఊరి నుంచి ఒక ట్రాక్టరు తుమ్మ మొద్దులతో వచ్చి మా సందులో ఆగింది. ఏటా వానలు వెనకబట్టాక ఒకసారి అలా రావడం మామూలే. ఇన్నేళ్ళూ కట్టెలు తోలిన పెద్దాయన మోకాళ్ళు పట్టేసి ఇంట్లో కూర్చున్నాడట, ఈసారి కొడుకును పంపాడు. ఇంటి గుర్తులన్నీ సరిగ్గానే చెప్పి పంపాడు. ఆ ఇంట్లో నిప్పు ఆరిపోయిన సంగతి మాత్రం ఆయనకు తెలియదు. "ఏడ దించాలె అక్కా?" అంటూ అతను తాళ్ళు విప్పబోతుంటే, చంకలో పాపతో గుమ్మంలో నిలబడిన నేను లోపలికి తిరిగి మామగారిని పిలిచాను. లోపలి నుంచి మా మామగారు వచ్చారు. ఒక మొద్దును వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు. "మంచిగ ఎండినయ్ పటేలా. గంజ్ దిక్కు పో, హోటలోళ్ళు తీసుకుంటరు. మాకిప్పుడు జరూరత్ లేదు" అన్నారు, కూరగాయల బండిని పొమ్మన్నంత మామూలుగా. ట్రాక్టరు తిరగడానికి మా సందు చాలదు. అది వెనక్కి వెనక్కి పోయి రోడ్డెక్కేదాకా ఆయనే పక్కవాళ్ళ స్కూటర్లు జరిపి, చెయ్యి ఊపి దారి చూపించి వచ్చారు. ఇప్పుడు పాప పడుకుంది. ఈ మాటలు ఇవాళ రాయకపోతే మళ్ళీ రాయలేనేమోనని కూర్చున్నాను.

మా ఇల్లు బీదర్ పాత బస్తీలో ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటి మధ్యా భట్టీ. అది గుమ్మటంలాంటి ఇటుకల పొయ్యి. లోపల నలుగురు మనుషులు పడుకునేంత చోటు. నేల కింద ఇసుక, దొడ్డుప్పు, పగిలిన గాజుపెంకులు పరిచారట, వేడిని పట్టి ఉంచడానికి. కట్టెలు లోపలే కాల్చి, నిప్పులు పక్కకు తోసి, ఇటుకలు దాచుకున్న వేడిలో రొట్టె కాలుస్తారు. మామగారి తండ్రి చింతకి దగ్గర జొన్న పండించిన మనిషి. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేస్తే పట్నం వచ్చి, సైకిల్ వెనక రేకు డబ్బా కట్టుకొని టోస్టులు అమ్మాడు. మామగారి పెళ్ళైన ఏడే ఈ భట్టీ కట్టారు. కట్టినది మా రొట్టె మేస్త్రీ ఉస్తాద్ వాళ్ళ నాన్న. ఆ రోజు ఇటుకలందించిన కుర్ర ఉస్తాదే తర్వాత నలభై ఏళ్ళు దాని ముందు నిలబడి రొట్టె తీశాడు. ఆ నలభై ఏళ్ళలో అది ఒక్కరోజు కూడా పూర్తిగా చల్లారలేదు. మా ఇంట్లో చావో పురుడో వచ్చి మైల పడితే, ఉస్తాద్ ఇంటివాళ్ళు వచ్చి నిప్పు వేసేవారు. ఆ రోజుల రొట్టె అమ్మకుండా పంచిపెట్టేవారు. వాళ్ళింట్లో ఎవరైనా పోతే మామగారు ఒక్కరే రెండు పనులూ చూసేవారు. రెండిళ్ళకూ ఒకేసారి కష్టం రాకుండా దేవుడు వంతులు వేశాడని అత్తమ్మ అంటుంది.

అత్తమ్మకు ఆ భట్టీతో ఒక రకమైన కాపురం ఉండేది. "మీ మామకు ఇద్దరు పెండ్లాలు. పెద్దది గదే. నేను ఎన్కకెళ్ళి వచ్చినదాన్ని" అని నన్ను చూడడానికి వచ్చిన రోజే మా అమ్మతో చెప్పింది. భాల్కిలో కన్నడ బడి పంతులు కూతురిని నేను, బీయస్సీ చదువుకున్నాను, ఈ మాటకు నవ్వాలో భయపడాలో తెలియక టీ కప్పులు తీసుకొని లోపలికి వెళ్ళాను. అలా తిట్టుకునే సవతికి శుక్రవారం శుక్రవారం తలస్నానం చేసి, మూతి పైనున్న నుదుటి ఇటుకకు పసుపు రాసి, కుంకుమ పెట్టేదీ ఆమే. ఉస్తాద్ ఊరుకునేవాడు కాదు. "భాబీ, మీరు బొట్టు పెట్టినంక ఇది నా మాట ఇంటలేదు. పొద్దుగాల రెండు ట్రేలు మాడగొట్టింది, మహారాణి అయిపోయింది" అనేవాడు. "నువ్వు బీడీ తాగుకుంట నిలబడి మాడగొట్టి, దాని మీద ఎందుకు పెడ్తవు" అని అత్తమ్మ. ఈ జగడం ప్రతి శుక్రవారం ఉండేది. లేని రోజున ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

నేను కోడలిగా వచ్చేసరికి బేకరీ బతుకుతోంది గాని పెరగడం లేదు. టోస్టులు, ఖారీ బిస్కెట్లు, బన్నులు చుట్టుపక్కల టీ కొట్లకు పోయేవి. అసలు రొట్టె, అంటే ముందురోజు పిండిలోంచి కొంత ఆపి దానితో పులియబెట్టే ఖమీరీ రొట్టె, పాత గిరాకీలకు మాత్రమే తెలుసు. పైన గట్టిగా, లోపల మెత్తగా, కొద్దిగా పులుపు. మూడో రోజు కూడా తినవచ్చు. హైదరాబాదులో ఉన్న నా కాలేజీ స్నేహితురాలికి ఒకసారి బస్సులో పంపించాను. ఆమె ఫ్లాట్లలో వాళ్ళందరూ అడిగారు. అక్కడి నుంచి ఒక దుకాణంవాళ్ళు అడిగారు. నేను కాగితం సంచి మీద అతికించడానికి ఒక చీటీ రాశాను: నలభై ఏళ్ళుగా ఆరని కట్టెల భట్టీలో కాల్చిన రొట్టె. ఆ ఒక్క వాక్యం కోసం రెండు రోజులు కొట్టేసి రాశాను. చీటీ చూసి మామగారు కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివి, "గింత పొగిడితే దానికి దిష్టి తాకదా బిడ్డా" అన్నారు. సంవత్సరం తిరిగేసరికి పొద్దున హైదరాబాదు పోయే మొదటి బస్సు డ్రైవర్ మా పెట్టెల కోసం ఆగే స్థితి వచ్చింది. బన్నులకూ టోస్టులకూ వేరే చోటు కావాల్సి వచ్చి, మా ఆయన ఊరి చివర చిద్రిలో ఒక రేకుల షెడ్డు తీసుకొని కరెంటు ఓవెన్ పెట్టారు. భట్టీ మొత్తం ఖమీరీ రొట్టెకే మిగిలింది. ఆ ఏడు మా ఇంట్లో అందరూ కొంచెం గట్టిగా నవ్వేవారు. నాకు అప్పుడు ఏడో నెల.

పాప వానాకాలంలో పుట్టింది. మా ఇంటి వాడుక ప్రకారం బాలింతను భట్టీ వెనక గదిలో ఉంచుతారు. ఆ గది గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. మా ఆయనా అక్కడే పెరిగారు. పిల్ల నాలుగు నెలల దాకా బాగానే ఉంది. చలి మొదలయ్యాక ఒక పొద్దున, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ శిక్షణ విమానాలు మా ఇంటి మీదుగా వెళ్ళి ఆ మోత తగ్గినప్పుడు, ఇంకో సన్నని చప్పుడు వినిపించింది. గదిలో ఏ మూలో పిల్లిపిల్ల దూరిందనుకొని మంచం కింద వెతికాను. అది పాప ఛాతీలోంచి వస్తోంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. పిల్లల డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. "మనెయల్లి హొగె ఇదెయా?" అని అడిగారు, ఇంట్లో పొగ ఉంటుందా అని. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ, "మా ఇల్లు నడిచేదే పొగతోని సార్" అంది. ఆయన నవ్వలేదు. ఊపిరి ఎలా లెక్కపెట్టాలో నాకు చూపించారు. పిల్ల పడుకున్నప్పుడు గడియారం పక్కన పెట్టుకొని పొట్ట చూడాలి, నిమిషంలో ఎన్నిసార్లు లేస్తుందో. యాభై దాటితే వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ రోజు నుంచి నేను అన్నం కలుపుతూ కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

కిటికీలకు తడి దుప్పట్లు కట్టాను. గోడల మసి రోజుకు రెండుసార్లు తుడిచాను. ముందు గదికి మారాం, అక్కడికీ పొగ వచ్చింది. చివరికి పాపను తీసుకొని భాల్కిలో మా పుట్టింటికి వెళ్ళాను. రెండు వారాలు పిల్లికూత అన్నది లేదు. పాలు తాగింది, బోర్లా పడింది, మా నాన్న కళ్ళజోడు పీకింది. బీదర్‌కు తిరిగి వచ్చిన మూడో రోజే మళ్ళీ మొదలైంది. ఇంక నాకు సాక్ష్యం అక్కర్లేదు. చిద్రిలో ఒక అద్దె ఇల్లు చూసి వచ్చి, రాత్రి అన్నాల దగ్గర భయం భయంగా చెప్పాను, నేనూ పాపా అక్కడుంటామని. అత్తమ్మ గరిటె పట్టుకొని అలాగే నిలబడింది. మామగారు మజ్జిగ పోసుకొని కలుపుకున్నారు. "పిల్ల ఎందుకు పోవాలె? పోతే భట్టీ పోవాలె" అన్నారు. "నాన్నా, హైదరాబాద్ మాలు?" అని మా ఆయన. "ఈ నాలుగు నెలలు చలి పోనీ. పిల్ల జర గట్టిపడ్తది. మల్ల అంటిద్దాం. చీటీ మీద నలభై ఏండ్లని ఉన్నది, నాలుగు నెలలు తీసేసి రాస్తది నీ పెండ్లాం" అన్నారు. నవ్వించడానికే అన్నారు.

ఉస్తాద్‌కు చెప్పినప్పుడు ఆయన వాదించలేదు. పాపను ఒకసారి చూస్తానని లోపలికి వచ్చి, బీడీ వాసన తగులుతుందని తలుపు దగ్గరే నిలబడి చూశాడు. "జల్దీ నక్కో అన్నా. ఆహిస్తా. మెల్లగ ఆర్పాలె" అన్నాడు మామగారితో. ఎప్పుడూ చల్లారని ఇటుక ఒక్కసారిగా చల్లబడితే విడిపోతుందట. తొమ్మిది రోజులు రోజుకు కొన్ని కట్టెలు తగ్గిస్తూ పోవాలి, చివర్లో మూతికి మట్టి మెత్తాలి, ఆ తర్వాత దానంతట అది చల్లబడాలి. అలా చేస్తే నాలుగు నెలలైనా ఆరు నెలలైనా ఏమీ కాదన్నాడు. ఎవరికీ తోచని సంగతి ఒకటుంది. మంట బాగా ఉన్న పొయ్యి కంటే, సగం ఆకలితో రాజుకునే పొయ్యి ఎక్కువ పొగ పెడుతుంది. మూడో రోజుకు ఇల్లంతా నీలంగా అయింది. ఆ సాయంత్రం పాప పెదవులూ అదే రంగుకు వచ్చాయి. లెక్కపెట్టడం మాని పాపను ఎత్తుకొని రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆటోలో మామగారు పాపను గుండెకు ఆనించుకొని కూర్చున్నారు, నేను పక్కన కూర్చొని, "ఊపిరి తీస్తుందా మామా, తీస్తుందా" అని అడుగుతూనే ఉన్నానట. నాకు గుర్తు లేదు. ఆయన ప్రతిసారీ "తీస్తుంది బిడ్డా" అన్నారట.

మూడు రోజులు ఆక్సిజన్ పెట్టి పంపించారు. ఇంటికి వచ్చింది శుక్రవారం పూట, ఎండ నడినెత్తి మీదికి వస్తున్నప్పుడు. పాపను దుకాణంలోనే, రోడ్డు గాలి తగిలే చోట, బల్ల మీద పడుకోబెట్టాం. మా ఆయన చిద్రి షెడ్డులో ఉన్నారు. ఉస్తాద్ జుమ్మా నమాజుకు వెళ్ళాడు. భట్టీ మూతిలోంచి పొగ సన్నగా, తీరిగ్గా వస్తోంది, ఇంకా మూడు రోజులు మిగిలి ఉన్నాయి దాని లెక్క ప్రకారం. అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "మూడు రోజులు కాదు, మూడు గంటలు గుడ ఓర్వను. పిల్లను మింగుతది ఇది" అంది. ఎంత కోపంలోనూ ఆమె దాన్ని ఊరికే ఆర్పలేదు. తిండి పెట్టిన నిప్పును బూడిద కింద అనాథలా చావనివ్వకూడదని, చుట్టాన్ని పంపినట్టు పంపాలని ఆమె నమ్మకం. తలస్నానం చేసి వచ్చింది. కొబ్బరికాయ కొట్టింది. నుదుటి ఇటుకకు పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, ఇత్తడి బిందెలో నీళ్ళు పట్టి పసుపు కలపమని నాతో చెప్పింది. మామగారు గోడకు ఆనుకొని చూస్తున్నారు.

ఇక్కడ నేను ఆగాలి. డిగ్రీ మొదటి ఏడు ల్యాబులో, వేడి గాజు బీకరును నీళ్ళ కింద పెట్టి పగలగొట్టి అందరి ముందు చీవాట్లు తిన్న మనిషిని నేను. దాని కారణం పరీక్షలో రెండు పేజీలు రాశాను కూడా. ఉస్తాద్ చెప్పింది విన్నాను. మామగారి చెల్లెలి కూతురు పురుటికి వచ్చి ఉన్నప్పుడు, వేడి పెనం మీద చల్లనీళ్ళు పోయొద్దని ఆమెకు నేనే చెప్పాను. నాకు తెలుసు. బిందె నిండుతుంటే, పసుపు కలుపుతుంటే, నీళ్ళు పచ్చగా తిరుగుతుంటే, నాకు తెలుసు. ఒక్క మాట చాలు, "అత్తమ్మా, ఉస్తాద్ వచ్చేదాకా ఆగుదాం" అంటే ఆమె ఆగేది. ఆమె నా చదువును అంతో ఇంతో గౌరవించే మనిషి. నేను అనలేదు. దుకాణంలో పాప దగ్గుతోంది. నాకు ఆ భట్టీ నాలుగు నెలలు ఆగడం కాదు, మళ్ళీ ఎన్నటికీ లేవకూడదనిపించింది.

"పోయిరా తల్లీ. మా తప్పులుంటే మన్నించు" అని అత్తమ్మ మొదటి బిందె పోసింది. తెల్లని ఆవిరి మా మొహాల మీదికి వచ్చింది. రెండో బిందె నేనే పట్టి ఇచ్చాను. మూడోది ఆమె చేతిలోంచి తీసుకొని నేనే ఎత్తి పోశాను. అప్పుడు లోపల ఎక్కడో ఒక చప్పుడైంది, పెద్దది కాదు, మనిషి వేలు విరిచినట్టు. తర్వాత ఇంకొకటి. ఆవిరి పోయాక చూస్తే, బొట్టు పెట్టిన ఇటుక దగ్గర మొదలై గుమ్మటం వెనక దాకా ఒక పగులు. చెయ్యి పట్టేంత. అత్తమ్మ కొంగుతో ఆ బొట్టు చుట్టూ తుడవసాగింది. "అయ్యో, నేనేం జేస్తి. చల్లగ పంపుదామనుకుంటి" అని చాలాసేపు అదే మాట. ఉస్తాద్ నమాజు టోపీతోనే లోపలికి వచ్చి, తడి నేల చూసి, పసుపు చూసి, ఆ పగులులో అరచెయ్యి నిలువుగా పెట్టి చూశాడు. ఎవరు పోశారని అడగలేదు. బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం లేచి, "బచ్చీ ఎట్లుంది?" అని మాత్రం అడిగాడు.

అలాంటి గుమ్మటం మళ్ళీ కట్టేవాళ్ళు దొరకలేదు. ఖమీర్‌ను, అంటే ఆ పులిసిన పిండిని, చిద్రి షెడ్డుకు తీసుకుపోతే అక్కడ అది అలిగింది. రొట్టె చదునుగా, దిగులుగా వచ్చేది. ఉస్తాద్ ఒక నెల ఆ కరెంటు ఓవెన్ ముందు నిలబడ్డాడు. "ఇది నాతోని మాట్లాడదు బేటీ, గంట కొట్టి పిలుస్తది, నేనేమన్న చప్రాసినా" అని నవ్వి, తర్వాత రావడం మానేశాడు. చీటీ మీది నా వాక్యం అబద్ధమైంది కాబట్టి హైదరాబాదు దుకాణానికి నేనే ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళు మర్యాదగా విన్నారు, పై వారం నుంచి వద్దన్నారు. బస్సు డ్రైవర్ కొన్నాళ్ళు అలవాటుగా ఆగి, హారన్ కొట్టి పోయాడు. ఇప్పుడు మళ్ళీ టోస్టులు, బన్నులు, టీ కొట్లు. ఇవన్నీ భరించవచ్చు, పాప ఊపిరి సాఫీగా ఉంటే. ఎండాకాలం అంతా ఉంది కూడా. గోడలకు సున్నం వేయించాం, ఇంట్లో పొగ అన్న మాట లేదు. ఆషాఢంలో ముసురు పట్టిన రెండో రోజు మళ్ళీ ఆ పిల్లికూత. గడియారం తీశాను. యాభై ఎనిమిది.

ఆ రోజు డాక్టరు చెప్పింది ఇదే: కొందరు పిల్లలకు పొగ, కొందరికి చలి, కొందరికి ముసురు, కొందరికి ఏదీ అక్కర్లేదు. కొందరికి ఆరేడేళ్ళకు పోతుంది, కొందరికి పోదు. ఆవిరి మిషన్ పెట్టించి, గంటసేపు చూస్తామన్నారు. బయట బల్ల మీద మామగారు పాపను ఎత్తుకొని కూర్చున్నారు. నేను పక్కన కూర్చొని, ఇక దాచలేక, మొత్తం చెప్పేశాను. నాకు తెలిసే ఊరుకున్నానని, మూడో బిందె పోసింది నేనని, అత్తమ్మ ఇన్నాళ్ళూ తన తప్పని ఏడుస్తోందని, దాని వల్ల పిల్లకు ఒరిగిందీ ఏమీ లేదని. ఆయన పాప నోటి దగ్గర తువాలుతో తుడిచారు.

"నలభై ఏండ్లు దాని ముంగట నిలవడ్డోన్ని. నీళ్ళు వోస్తే పగుల్తదని నాకు ఎర్క లేదా బిడ్డా?"

జారిన పాప మేజోడును నేను పైకి లాగాను.

"మరి ఎందుకు ఆపలే మామా?"

"పగలకపోతే నాలుగు నెలలు నేను ఆగకపోతుంటి. పిల్ల జర మంచిగ కనవడంగనే మల్ల అంటిస్తుంటి. నా సంగతి నాకు ఎర్కనే." పాపను కుడిచేతి మీదికి మార్చుకొని, "మీ అత్తకు నేను చెప్పుకుంట. నువ్వు చెప్పకు" అన్నారు.

పాప ఆయన కుడిచేతి మీద తల పెట్టుకొని పడుకుంది. భట్టీ మూతిలో చెయ్యి పెట్టి వేడి చూసే మనిషి కాబట్టి ఆ చేతి మీద వెంట్రుక అన్నది నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు చూశాను, మోచేతి దాకా సన్నగా, తెల్లగా మొలిచి ఉంది. పాప ఊపిరి తగిలినప్పుడల్లా కదులుతోంది. నలభై ఏళ్ళు కాలిన చేతికి ఆరు నెలలు చాలాయి. ఈ పిల్ల ఛాతీకి ఎన్నేళ్ళు కావాలో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. నాకు తెలిసిన కాలమంతా ఒక్క నిమిషం, అది అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతాను.